నలభై ఏళ్ళుగా వన్నె తగ్గని చవక హెడ్‌ఫోన్

ఎలక్ట్రానిక్ వస్తువుల ఆయుష్షు ఏటేటా తగ్గిపోతున్న రోజులివి. నిరుడు కొన్నది ఈ ఏడు పాతబడుతున్నది. ఈ ఏడు కొన్నదానికి మరో రెండేళ్ళలో విడిభాగాలు దొరకడం గగనమవుతున్నది. అటువంటి విపణిలో 1984లో రూపుదిద్దుకున్న ఒక హెడ్‌ఫోన్ తన ఆకారాన్ని గాని, లోపలి నిర్మాణాన్ని గాని దాదాపు మార్చుకోకుండా నేటికీ అమ్ముడవుతున్నది. అమెరికాలో దాని ధర 50 డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. సంగీత శ్రవణానికి వేల డాలర్లు వెచ్చించే రసికులు సైతం దాన్ని వెంట ఉంచుకుంటారు. ఈ అభిరుచిలోకి కొత్తగా అడుగుపెట్టేవారికి మొదట దాన్నే సిఫార్సు చేస్తారు.

దాని పేరు పోర్టా ప్రో. తయారీదారు అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం మిల్వాకీ నగరానికి చెందిన కాస్ కార్పొరేషన్. జపాన్ సంస్థ సోనీ 1991లో విడుదల చేసిన ఎం.డి.ఆర్.-7506 కూడా ఈ కోవలోనిదే. దాని ధర సుమారు 100 డాలర్లు. ఇవి ఇంతకాలం నిలవడానికి పాత వస్తువు మీది మమకారం ఒక్కటే కారణమైతే అది ఒక తరంతో తీరిపోయేది. అసలు కారణం వేరే ఉన్నది. మంచి ధ్వనిని పుట్టించే పరిజ్ఞానం దశాబ్దాల క్రితమే పరిపక్వమైంది. ఆపై కొనుగోలుదారు చెల్లించే అదనపు సొమ్ములో చాలా భాగం ధ్వనితో నిమిత్తం లేనిది. ఈ చవక హెడ్‌ఫోన్లు ఆ సంగతిని వాడేవారి చెవులకే తెలియజేస్తున్నాయి.

చదివింపుల సొమ్ముతో మొదలు

కాస్ కార్పొరేషన్ పుట్టుక ఆసక్తికరమైనది. 1953లో జాన్ కాస్ దంపతులకు పెళ్ళి చదివింపులుగా 200 డాలర్లు వచ్చాయి. ఇంట్లోకి సోఫా కొనుక్కోవలసిన ఆ సొమ్ముతో ఆయన టెలివిజన్ సెట్లు కొని, మిల్వాకీ ఆస్పత్రులలోని రోగులకు అద్దెకివ్వడం ప్రారంభించారు. 1958లో ఇంజనీరు మార్టిన్ లాంగేతో కలసి, ఒక్కరే కూర్చుని వినగలిగే చిన్న గ్రామఫోను పెట్టెను తయారు చేశారు. దాన్ని నగరంలోని ప్రదర్శనలో ఉంచితే, సందర్శకులు పెట్టెను వదలి దానికి తగిలించిన హెడ్‌ఫోన్ చుట్టూ మూగారు. అంతవరకు హెడ్‌ఫోన్ అంటే టెలిఫోను ఆపరేటర్లు, వైర్‌లెస్ సిబ్బంది, విమాన చోదకులు పెట్టుకునే పనిముట్టు. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటిగా స్టీరియో సంగీతం వినిపించిన ఆ ఎస్.పి.-3తో అది ఇళ్ళలోకి వచ్చింది.

తరువాతి మలుపు జపాన్‌లో వచ్చింది. 1979 జూలైలో సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేసింది. దానితోపాటు ఇచ్చిన హెడ్‌ఫోన్ స్పాంజి మెత్తలతో, పూచిక పుల్లలా తేలికగా ఉన్నది. నడుస్తూ సంగీతం వినే అలవాటు ప్రపంచమంతా పాకింది. అందుకు తగిన హెడ్‌ఫోన్‌గా కాస్ సంస్థ 1984లో పోర్టా ప్రోను తెచ్చింది. సన్నని ఉక్కు పట్టీ, మడిచి జేబులో వేసుకునే వీలు, చెవులపై ఒత్తిడిని కణతలకు మళ్ళించే చిన్న దిండ్లు దాని ప్రత్యేకతలు. బరువు 100 గ్రాములకు లోపే.

విచిత్రమేమంటే, తన చిరకాల విజయానికి మూలమైన వస్తువును విడుదల చేసిన ఆ ఏడాది చివరనే కంపెనీ అప్పుల భారంతో దివాలా చట్టం రక్షణను కోరింది. మరుసటి ఏడాది తేరుకుని బయటపడింది. 2009లో మరో పెద్ద దెబ్బ తగిలింది. కంపెనీ ఆర్థిక వ్యవహారాలు చూసే ఉన్నతాధికారిణే 3 కోట్ల 40 లక్షల డాలర్ల దాకా స్వాహా చేసినట్లు బయటపడింది. 2010లో ఆమెకు 11 ఏళ్ళ జైలుశిక్ష పడింది. రెండు పెనుగాలులకు తట్టుకున్న ఆ చిన్న సంస్థ జాబితాలో ఈ హెడ్‌ఫోన్ మాత్రం ఎన్నడూ చెదరలేదు. జాన్ కాస్ 2021 డిసెంబర్‌లో కన్నుమూశారు.

ధరకూ ధ్వనికీ లంకె ఎంత?

హెడ్‌ఫోన్ లోపలి యంత్రాంగం చూడబోతే సరళమైనదే. ఒక అయస్కాంతం, దాని చెంత సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అతికిన పలుచని ప్లాస్టిక్ పొర. పాటకు అనుగుణంగా మారే విద్యుత్తు తీగచుట్టలో ప్రవహించినప్పుడు పొర కంపిస్తుంది. ఆ కంపనమే గాలిలో శబ్దమవుతుంది. ఈ మూడింటి తయారీకి బంగారం అక్కరలేదు. పొర ఎంత పలుచగా ఉండాలి, దాని వెనుక గాలి ఎటు పోవాలి, చెవికీ పొరకూ మధ్య ఎంత ఎడం ఉండాలి అన్న లెక్కలు కుదరడమే ముఖ్యం. ఆ లెక్కలు ఒకసారి కుదిరిన తరువాత అదే వస్తువును పదివేలసార్లు అచ్చుగుద్దినట్లు తయారు చేయవచ్చు.

ధర పెరిగేకొద్దీ ధ్వని మెరుగవుతుందన్న నమ్మకాన్ని 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రశ్నించింది. జెరోన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లను పరిశీలించి, అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో ఫలితాలను ప్రచురించారు. మంద్ర, మధ్య, తార స్థాయి స్వరాలను ఒక హెడ్‌ఫోన్ ఏ పాళ్ళలో వినిపిస్తుందనేది ఆయన పరిశీలించిన అంశం. ఆ సమతుల్యానికీ, దుకాణంలో దాని ధరకూ మధ్య సంబంధం ఏదీ కనబడలేదని తేలింది. ఖరీదైన వాటిలోనూ ధ్వని గతితప్పినవి ఉన్నాయి. చవక వాటిలోనూ చక్కగా పలికేవి ఉన్నాయి.

శ్రోతలకు ఏ ధ్వని నచ్చుతుందన్న ప్రశ్నపైన కూడా పరిశోధన సాగింది. హార్మన్ సంస్థకు చెందిన షాన్ ఆలివ్ బృందం 2012 నుంచి వివిధ దేశాలలో శ్రోతలను కూర్చోబెట్టి, పేర్లు కనబడకుండా హెడ్‌ఫోన్ల ధ్వనిని పోల్చి చూపింది. శిక్షణ పొందినవారు, పొందనివారు కూడా అత్యధికులు ఒకే తరహా సమతుల్యానికి మొగ్గు చూపారు. పేరు, ధర తెలియనప్పుడు చెవి ఇచ్చే తీర్పు వేరుగా ఉంటుందన్నమాట. కృత్రిమ చెవి అమర్చిన పరికరాలతో కొలతలు తీసి ప్రచురించే ఔత్సాహికులు కూడా పెరిగారు. ప్రకటనల మాట ఎలా ఉన్నా, కొలతల పట్టికలో 50 డాలర్ల వస్తువు 500 డాలర్ల వస్తువు పక్కన తలెత్తుకుని నిలబడగలుగుతున్నది.

ఖరీదైన హెడ్‌ఫోన్ కొనేవారి సొమ్ము బూడిదలో పోసిన పన్నీరని దీని అర్థం కాదు. మేలైన తోలు, తేలికైన లోహం, గంటల తరబడి పెట్టుకున్నా నొప్పి పుట్టని సౌఖ్యం, బయటి రొదను అణచే ఎలక్ట్రానిక్ ఏర్పాటు, సూక్ష్మమైన స్పష్టత డబ్బు పోస్తేనే వస్తాయి. అయితే మొదటి 50 డాలర్లకు కలిగే మార్పు చెవికి ఇట్టే తెలుస్తుంది. ఆపై 500 డాలర్లకు కలిగే మార్పును పనిగట్టుకుని వెదకవలసి ఉంటుంది.

అచ్చుల ఖర్చు ఎన్నడో తీరింది

ఇన్నేళ్ళు ధరను అందుబాటులో ఉంచడం తయారీదారుకు ఎలా గిట్టుబాటవుతున్నదన్న ప్రశ్న సహజం. ప్లాస్టిక్ వస్తువు తయారీలో పెద్ద ఖర్చు ఉక్కు అచ్చులది, నమూనాల రూపకల్పనది. ఏటా కొత్త నమూనా తెచ్చే సంస్థ ఏటా ఆ ఖర్చును కొనుగోలుదారు నెత్తిన వేయక తప్పదు. ఒకే నమూనాను నాలుగు దశాబ్దాలు నడిపే సంస్థకు ఆ బాకీ ఎన్నడో తీరిపోతుంది. మిగిలేవి ముడిసరకు, కూలి, రవాణా. ఒకే రకం డ్రైవరును పలు నమూనాలలో వాడడం మరో పొదుపు. పోర్టా ప్రో డ్రైవరుతోనే చెవికి కొక్కెంలా తగిలించుకునే కె.ఎస్.సి.-35ను కాస్ రూపొందించింది. టైటానియం పూత గల పొరతో వచ్చిన దాని తోబుట్టువు కె.ఎస్.సి.-75 సుమారు 20 డాలర్లకే దొరుకుతూ, ధరకు తగిన వస్తువేదన్న చర్చలో తరచు ముందు నిలుస్తున్నది.

ప్రచార వ్యయం మాట కూడా చెప్పుకోవాలి. సినీతారలు, క్రికెట్ ఆటగాళ్ళు ఈ హెడ్‌ఫోన్లకు ప్రచారకర్తలు కారు. ఒకరు వాడి మరొకరికి చెప్పిన మాటే వీటికి ప్రకటన. కొత్త హెడ్‌ఫోన్ వచ్చినప్పుడల్లా సమీక్షకులు దాన్ని పోర్టా ప్రోతోనో, సోనీ 7506తోనో పోల్చి చెబుతారు. అందరూ విని ఉన్న వస్తువు కనుక పోలిక అందరికీ అర్థమవుతుంది. ఆ విధంగా ఇవి అంగడిలో తూనికరాళ్ళ వంటివైపోయాయి. తూనికరాయిని ఎవరూ ఏటా మార్చరు.

బాగుచేసుకునే వీలు

వీటి దీర్ఘాయుష్షుకు మరో ముఖ్య కారణం మరమ్మతు. హెడ్‌ఫోన్‌లో ముందుగా పాడయ్యేవి మెత్తలు, ఆ తరువాత వైరు. పోర్టా ప్రో స్పాంజి మెత్తలు పొడిపొడిగా రాలిపోతే కొత్తవి చేతితోనే తొడుక్కోవచ్చు. సోనీ 7506 చెవిమెత్తల పైపూత కొన్నేళ్ళకు పొరలు పొరలుగా ఊడుతుంది. అవీ విడిగా దొరుకుతాయి. రేడియో కేంద్రాలలో, రికార్డింగ్ స్టూడియోలలో, సినిమా చిత్రీకరణలలో శబ్దగ్రాహకులు ఒకే హెడ్‌ఫోన్‌ను ఏళ్ళ తరబడి నడిపించుకోగలగడం వెనుక ఉన్న రహస్యం ఇదే. జర్మనీకి చెందిన సెన్‌హైజర్ 1968లో విడుదల చేసిన హెచ్.డి.-414 కూడా ఇటువంటి సరళ నిర్మాణంతోనే కోటికి పైగా అమ్ముడుపోయింది. చెవి వెనుక గాలిని మూసివేయకుండా తెరచి ఉంచే పద్ధతిని లోకానికి పరిచయం చేసింది అదే. పోర్టా ప్రో అనుసరించినదీ ఆ పద్ధతినే.

కాస్ సంస్థ అమెరికాలోని కొనుగోలుదారులకు పరిమిత జీవితకాల హామీ ఇస్తున్నది. ఏళ్ళ తరువాత చెడిపోయినా కొద్దిపాటి రుసుముతో తిప్పి పంపితే బాగుచేసి గాని, మార్చి గాని ఇస్తుంది. ఈ హామీ ఇవ్వగల కంపెనీ వస్తువును ఎక్కువ కాలం మన్నేలా చేయడం తన లాభం కోసమే చేస్తుంది. రెండేళ్ళకు మళ్ళీ కొనుగోలుదారు రావాలని కోరుకునే కంపెనీ లెక్క ఇందుకు పూర్తిగా భిన్నం.

2016లో ఆపిల్ సంస్థ తన ఫోన్ నుంచి హెడ్‌ఫోన్ రంధ్రాన్ని తొలగించింది. ఇతర కంపెనీలు అదే బాట పట్టాయి. తీగలేని బ్లూటూత్ ఇయర్‌బడ్లు విపణిని ముంచెత్తాయి. వాటి సౌకర్యం కాదనలేనిది. అయితే ప్రతి ఇయర్‌బడ్‌లోనూ గోరంత లిథియం బ్యాటరీ ఉంటుంది. కొన్ని వందలసార్లు చార్జింగ్ అయ్యాక దాని సత్తువ తగ్గడం రసాయనశాస్త్ర ధర్మం. బ్యాటరీని జిగురుతో మూసి ఉంచడంతో దాన్ని మార్చడం దాదాపు అసాధ్యం. డ్రైవరు నిక్షేపంగా ఉన్నా వస్తువు మొత్తం చెత్తబుట్ట పాలవుతున్నది. తీగ ఉన్న హెడ్‌ఫోన్‌కు ఈ గండం లేదు. పాత రంధ్రం లేని ఫోన్లకు సైతం చిన్న అడాప్టరుతో దాన్ని తగిలించుకోవచ్చు.

లోపాలు లేకపోలేదు

మెచ్చుకునేవారు సైతం వీటి లోపాలను దాచరు. పోర్టా ప్రో ఉక్కు పట్టీ సందులో వెంట్రుకలు చిక్కి పీకుతాయి. వైరు సన్ననిది, ఊడదీసి మార్చేది కాదు. మంద్రస్వరాలు ఉన్నదానికంటే ఒక పాలు ఎక్కువగా మోగుతాయి. వీణ తంత్రుల మెరుపు, తాళాల గలగల కాస్త మసకబారుతాయి. నిర్మాణం తెరచి ఉండడంతో లోపలి పాట పక్కవారికి వినబడుతుంది, బయటి రొద లోపలికి వస్తుంది.

ఈ చివరి లోపం ఆరోగ్యానికి సంబంధించినది. సిటీ బస్సులోనో, రైలులోనో రొదను జయించడానికి శ్రోత శబ్దాన్ని పెంచుతూ పోతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలు 80 డెసిబెల్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినరాదు. శబ్దం 3 డెసిబెల్ పెరిగిన కొద్దీ సురక్షిత సమయం సగానికి తగ్గుతుంది. లోచెవిలోని సూక్ష్మ రోమకణాలు ఒకసారి నశిస్తే తిరిగి మొలవవు. ఇంట్లో ప్రశాంతంగా వినడానికి తెరచిన హెడ్‌ఫోన్, ప్రయాణంలో చెవిని మూసే ఇయర్‌ఫోన్ వాడడం మేలు. ఎంత చవకగా కొన్నా చెవికి మాత్రం విడిభాగం లేదు.

మన దేశంలో పరిస్థితి

భారతదేశంలో 1980వ దశకంలో చవక కేసెట్లు సంగీతాన్ని పల్లెలకు చేర్చాయి. విదేశీ వస్తువులపై సుంకాలు అధికంగా ఉన్న ఆ రోజులలో టేప్‌రికార్డరు, వాక్‌మన్ వంటివి గల్ఫ్ దేశాల నుంచి సెలవుపై వచ్చే బంధువుల పెట్టెలలో దిగేవి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలలో ఎన్నో కుటుంబాలకు అది పరిచితమైన ముచ్చట. పాడైతే ఊరి రేడియో మెకానిక్ సోల్డరింగ్ చేసి బాగుచేసేవాడు. ఢిల్లీలో లజపత్‌రాయ్ మార్కెట్, ముంబైలో లామింగ్టన్ రోడ్డు, చెన్నైలో రిచీ వీధి, హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ ఇటువంటి విడిభాగాలకు పెట్టింది పేరు.

తరువాతి కాలంలో చిత్రం మారింది. 2016లో మొదలైన బోట్ వంటి స్వదేశీ బ్రాండ్లు చైనాలో తయారైన సరకుతో వ్యాపారం పెంచుకుని, క్రమంగా దేశీయ ఉత్పత్తికి మళ్ళాయి. 2022లో బోట్ మాతృసంస్థ, డిక్సన్ టెక్నాలజీస్ కలసి ఉమ్మడి సంస్థను నెలకొల్పాయి. హైదరాబాద్ శివార్లలోని కొంగరకలాన్‌లో 2023 మేలో శంకుస్థాపన జరిగిన ఫాక్స్‌కాన్ కర్మాగారంలో 2025లో ఆపిల్ ఎయిర్‌పాడ్ల ఉత్పత్తి ఎగుమతుల నిమిత్తం ప్రారంభమైంది. తెలుగు నేలపై తయారైన శ్రవణ పరికరాలు ప్రపంచ విపణికి వెళ్ళడం, స్థానిక యువతకు ఉపాధి దొరకడం హర్షణీయం.

కాగా తయారీకి లభిస్తున్న ప్రోత్సాహం మన్నికకు లభించడం లేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. ఎలక్ట్రానిక్ వ్యర్థాల బాధ్యతను ఉత్పత్తిదారుపై ఉంచే కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వస్తువును బాగుచేయడం ఎంత సులభమో అంకెలలో తెలిపే మరమ్మతు సూచీని మొదట స్మార్ట్‌ఫోన్లకు, టాబ్లెట్లకు వర్తింపజేయాలని ప్రభుత్వం నియమించిన కమిటీ 2025లో సూచించింది. చెవికి పెట్టుకునే వస్తువులకు ఆ తొలి జాబితాలో చోటు దక్కలేదు. ఐరోపా సమాఖ్య మాత్రం 2023లో చేసిన చట్టం ద్వారా చిన్న పరికరాల బ్యాటరీలను వాడేవారే మార్చుకునే వీలు 2027 ఫిబ్రవరి నుంచి ఉండాలని నిర్దేశించింది.

లెక్క ఎవరిది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1,500 రూపాయల ఇయర్‌బడ్లు రెండేళ్ళు పనిచేస్తాయనుకుంటే, పదేళ్ళలో ఐదుసార్లు కొనాలి. ఖర్చు 7,500 రూపాయలు. 4,500 రూపాయల తీగ హెడ్‌ఫోన్‌కు మధ్యలో 500 చొప్పున రెండుసార్లు మెత్తలు మార్చినా పదేళ్ళకు 5,500 రూపాయలే. లెక్క తేటతెల్లం. కాని నెల జీతంతో గడిపే ఇంట్లో 4,500 రూపాయలు ఒక్కసారిగా తీయడం తేలిక కాదు. చేతిలో ఉన్నంతలో కొనేవాడు చివరకు ఎక్కువ చెల్లిస్తున్నాడు. తక్కువ ధర అని మురిసే వస్తువు పేదవాడికే ఖరీదవుతున్నది.

ఈ చిక్కుముడికి విపణిలోనే కొంత పరిష్కారం కనబడుతున్నది. చైనాలోని చెంగ్డూ నగరానికి చెందిన మూన్‌డ్రాప్ సంస్థ 2022లో చూ అనే తీగ ఇయర్‌ఫోన్‌ను సుమారు 20 డాలర్లకు విడుదల చేసింది. ధ్వనిని మెచ్చినవారే ఊడదీయ వీలులేని వైరును తప్పుపట్టారు. మరుసటి ఏడు వచ్చిన రెండో నమూనాలో వైరును విడదీసి మార్చుకునే ఏర్పాటు వచ్చింది. ధర దాదాపు అంతే ఉన్నది. కొనుగోలుదారు అడిగితే తయారీదారు వింటాడనడానికి ఇది తార్కాణం.

దుకాణంలో బేరమాడే అలవాటు మనవారికి కొత్తేమీ కాదు. ధర ఎంత అని అడిగే నోటితోనే మెత్తలు దొరుకుతాయా, వైరు మారుతుందా, బ్యాటరీ పోతే ఏమిటి గతి అని కూడా అడగడం అలవాటు కావాలి. ఆ మూడు ప్రశ్నలకు దుకాణదారు జవాబు చెప్పగలిగిన వస్తువు కొన్న ధరకు పదేళ్ళు పాడుతుంది.